అర అంగుళం

స్కేలమ్మ పదిహేడో పేజీ మీద స్టీలు స్కేలు ఆనించి, కళ్లజోడు ముక్కు కొసకు జార్చి, ఎడమ అంచు నుంచి మొదటి అక్షరం దాకా కొలిచింది. అర అంగుళం. పైన కొలిచింది. అర అంగుళం. కింద కొలిచేసరికి ఒక గీత తక్కువైంది. కంప్యూటర్లో ఆ పేజీ తెరిచి చూస్తే ఒకే వాక్యంలో రెండు "అత్యంత"లున్నాయి. ఒకదాన్ని తీసేసింది. పంక్తి పైకి జరిగింది. మళ్లీ అచ్చు తీసి, మళ్లీ కొలిచి, పద్దెనిమిదో పేజీ అందుకుంది.

ఉదయం తొమ్మిదింపావు. నెలాఖరు, బుధవారం. సాయంత్రం ఐదు గంటలకు గడువు.

యువ వైద్య పరిశోధకుల అవార్డుకు దరఖాస్తు చేసేవాళ్లు నాలుగు వైపులా అర అంగుళం ఖాళీ వదలాలని రూలు. తగ్గితే చదవకుండానే తిప్పి పంపుతారు. ఆమె కొత్తగా చేరిన ఏడాది ఒక డాక్టరు దరఖాస్తు అలాగే తిరిగొచ్చింది. అర అంగుళానికి ఒక గీత తగ్గినందుకు ఆరేళ్ల చదువు అటకెక్కింది. ఆ సాయంత్రమే ఆమె బజారుకెళ్లి అడుగు స్కేలు కొనుక్కుంది. అప్పటినుంచి ఆ విభాగంలో ఒక్క దరఖాస్తూ అంచుల దగ్గర తప్పలేదు. తప్పినవన్నీ మధ్యలోనే తప్పాయి.

స్కేలు చేతిలో ఉంది కాబట్టి స్కేలమ్మ అని పేరు పెట్టారు. జీతంలో లేదు కాబట్టి పెట్టినవాళ్లు నవ్వుకున్నారు కూడా. ఆమెది తాత్కాలిక ఉద్యోగం. ఇరవై మూడేళ్లుగా తాత్కాలికం. తాతల కాలం నాటి తాత్కాలికం. ఏడాదికోసారి విభాగాధిపతి సంతకం పెడితే మరో ఏడాది బతుకుతుంది, లేకపోతే లేదు. ఆ ఏడాది కూడా ఈ నెలాఖరుకే, అంటే ఈ సాయంత్రానికే ముగుస్తుంది. రెన్యూవల్ కాగితం నాలుగు రోజుల కిందట ఆయన బల్ల మీద పెట్టి వచ్చింది.

పొట్టి మనిషి. ఏళ్ల తరబడి ఒకే వైపు కాగితం పెట్టుకుని టైపు కొట్టడం వల్ల కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్లు కిందికి దిగింది. చూపుడువేళ్ల కొసలు బల్లపరుపుగా అయిపోయాయి. నెరిసిన జుట్టు ముడిలో ఎప్పుడూ మూడు పిన్నులు, ఒక పెన్సిలు. ఒంటి మీద మోచేతుల దగ్గర అతుకులు వేసిన బూడిదరంగు స్వెట్టరు. పక్కగది ఎక్స్‌రేల గోదాము. ఎక్స్‌రేలు పాడవకుండా దాన్ని చల్లగా ఉంచుతారు. ఆ చలి గోడ దాటి ఈమె గదిలోకి వస్తుంది. ఎముకలు ఫొటోలో ఉన్నవాళ్లకు ఏసీ, ఎముకలు ఒంట్లో ఉన్నవాళ్లకు స్వెట్టరు.

గది అని గౌరవంగా అనుకోవడమే. అది మెట్ల కింద మిగిలిన జాగా. పైకప్పు ఏటవాలుగా దిగుతుంది. తలుపు దగ్గర నిలబడొచ్చు, బల్ల దగ్గర కూర్చోవాల్సిందే. ఎవరు మెట్లెక్కినా సున్నం పొడి బల్ల మీద రాలుతుంది. అడుగుల చప్పుడును బట్టి ఎవరు వెళ్తున్నారో ఆమె తల ఎత్తకుండానే చెప్పగలదు. ఆ ఆస్పత్రిలో ఎవరు పైకొచ్చినా ఆమె నెత్తి మీదుగా ఎక్కినవాళ్లే.

ఈ అవార్డు సంగతి కొంచెం చెప్పాలి. ఇది మెడలో వేసే పతకం కాదు, గోడకు తగిలించే పటం కాదు. రోగులను చూస్తూనే, వాళ్ల రోగం ఎందుకలా ఉందో కనిపెడదామనుకునే చిన్న డాక్టర్లకు ఇచ్చేది. ఇచ్చేది కాలం. ఐదేళ్లపాటు వారంలో మూడొంతులు పరిశోధన చేసుకో, ఒక వంతు వార్డు చూసుకో, నీ జీతం సంగతి మేం చూసుకుంటాం అంటుంది కమిటీ. దాన్ని రక్షిత సమయం అంటారు. రక్షిత మంచినీళ్ల కుళాయి లాంటిదే. బోర్డు ఉంటుంది, చుక్క రాదు. ఎందుకంటే ఆ సమయం ఇస్తానని హామీ రాయాల్సింది విభాగాధిపతి. పరిశోధనలో "పరి" పీకేసి శోధన మిగల్చగలిగిన వాడూ ఆయనే.

ఆ హామీ ఉత్తరానికో సంప్రదాయం ఉంది. శిష్యులు తమ గురించి తామే రాసుకుని తెస్తారు. స్కేలమ్మ సాపు చేసి టైపు కొడుతుంది. గురువుగారు సంతకం పెడతాడు. చదివేది మాత్రం ఎక్కడో కూర్చున్న కమిటీ. గురువు చదవడు. ఇరవై మూడేళ్లలో ఆమె అలాంటివి పదకొండు కొట్టింది. పదకొండుమందీ "నా సర్వీసులో నేను చూసిన యువ డాక్టర్లలో అత్యుత్తములు". పదకొండుమందికీ "పని సమయంలో మూడొంతులు పరిశోధనకే కేటాయించబడును". ఎవరు కేటాయిస్తారో ఆ వాక్యానికి తెలియదు. కర్త లేని వాక్యం, దిక్కులేని హామీ.

పదిన్నరకు మెట్ల మీద పరుగు వినిపించింది. రెండేసి మెట్లు దూకుతూ దిగే అడుగులు చిన్న డాక్టరమ్మవి. ముప్ఫై ఆరేళ్ల మనిషి, మెడలో స్టెతస్కోపు, చంకలో ఆరు నోటుపుస్తకాలు. ఊపిరితిత్తుల జబ్బు తగ్గి ఇంటికెళ్లినవాళ్లు నెల తిరక్కుండా మళ్లీ అదే మంచం మీదికి ఎందుకొస్తున్నారన్నది ఆమె ప్రశ్న. సెలవు రోజుల్లో ముప్ఫై ఇళ్లకు వెళ్లి చూసింది. ఇరవై ఒక్క ఇళ్లలో రోగులు పీల్చే మందును గొంతులోకి కాక నాలుక మీద కొట్టుకుంటున్నారు. ఆస్పత్రి ఇచ్చింది మందు. వాడడం ఎవరూ చూపలేదు. అది సరిగ్గా తేల్చాలంటే మూడొందల ఇళ్లు తిరగాలి. సెలవు రోజులు చాలవు. చదువు పూర్తయిన పదేళ్లలోపే ఈ అవార్డు అడగాలి, ఆమెకు ఇది పదో ఏడు. ఇవాళ దాటితే ఇక లేదు.

ఆమె జంకుతూ ఒక కాగితం ఇచ్చింది. గురువుగారి తరఫున తన గురించి తాను రాసుకున్న ఉత్తరం. స్కేలమ్మ చదివింది. "ఈమె బాగానే పనిచేయును. సమయమునకు వచ్చును. ఎవరితోనూ గొడవ పడదు."

"ఇది అవార్డు ఉత్తరమా అమ్మా, అద్దెకున్నవాళ్ల గురించి ఇంటాయన చెప్పే మాటా?" అంది స్కేలమ్మ.

"నన్ను నేను పొగుడుకోవాలంటే చెయ్యి రావట్లేదు పిన్నీ."

"నీ చెయ్యి నాడి పట్టుకోవడానికి ఉంచుకో. డబ్బా కొట్టే పని నాది, ఇరవై మూడేళ్లుగా ఈ డబ్బా మీదే కొడుతున్నా" అని కీబోర్డు చూపించింది.

చిన్న డాక్టరమ్మ నవ్వబోయింది. ఫోను మోగింది. వార్డు నుంచి. మాట్లాడి పెట్టేలోగా మళ్లీ మోగింది. మూడోసారి విభాగాధిపతి, పెద్ద డాక్టరే. డ్యూటీ డాక్టరు సెలవు పెట్టాడట, సాయంత్రం దాకా వార్డు చూడమన్నాడు. ఆమె ఫోను జేబులో వేసుకుని నోటుపుస్తకాలు బల్ల మీద పెట్టింది.

"రేపు కూడా నన్నే వేశారట. ఈ రెండు రోజులేగా అన్నారు పిన్నీ."

వచ్చినట్టే పరుగెత్తుకుంటూ వెళ్లింది. సున్నం రాలింది. స్కేలమ్మ తుడుచుకోలేదు.

ఇలాంటి మాటే, ఒక్కరోజేగా అని, స్కేలమ్మ ముందూ వింది. పొడుగు డాక్టరు దగ్గర. ఏడేళ్ల కిందట అతనికి అవార్డు వచ్చినప్పుడు ఈ గదిలోకొచ్చి, వంగి నిలబడి, స్వీటు పెట్టిన మొదటివాడూ చివరివాడూ అతనే. తర్వాత ఒక్కరోజేగా, ఒక్కరోజేగా అంటూ వార్డుకు పిలిచారు. ఒక్కరోజులన్నీ కలిసి ఐదేళ్లయ్యాయి. అతని పరిశోధన పుస్తకంలో తొమ్మిది పేజీలు నిండాయి. కమిటీ "ఫలితం శూన్యం" అని రాసింది. పెద్ద డాక్టరు మీటింగులో కుర్రాడికి పట్టుదల లేదని నిట్టూర్చాడు. వెళ్లిపోయే రోజు అతను వచ్చి తన హామీ ఉత్తరం నకలు అడిగాడు. నిలబడి మొత్తం చదివాడు. తిరిగిచ్చేస్తూ "బాగా కొట్టారండీ" అన్నాడు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఇప్పుడతను ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుని, పనిలో చేరేవాళ్ల నాలుక చూసి సర్టిఫికెట్లు రాస్తున్నాడు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిస్తే రెండు రొట్టెముక్కలు, ఉడికించిన గుడ్డు. ఇంట్లో ఇద్దరే, తనూ చెల్లెలూ. చెల్లెలు బట్టలు కుడుతుంది, నోటితో కూడా కుట్టగలదు. పొద్దున డబ్బా చేతికిస్తూ, "నీ స్కేలు నాకియ్యవే అక్కా, గుడ్డలన్నా కొలుచుకుంటాను. నువ్వు కొలిచేదంతా ఖాళీ జాగాయేగా" అంది. అప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు రాలేదు.

ఆమె డబ్బా మూసేసి రూల్సు పుస్తకం తీసింది. నలభై మూడో పేజీ. ఆ పుస్తకాన్ని అక్కడిదాకా చదివిన మనిషి ఆ ఆస్పత్రిలో ఆమె ఒక్కతే. ఇస్తానన్న సమయం అవార్డు వచ్చినా రాకపోయినా ఇవ్వాలి. దరఖాస్తు చేసిన మరుసటి నెల ఒకటో తేదీ నుంచే ఇవ్వాలి. ఉత్తరం నకలు డ్యూటీ చార్టు రాసేవాళ్లకు అందాలి. మొదటిసారి ఆమె ఇది చూపించినప్పుడు, అవన్నీ ఎవరు చూస్తారమ్మా అన్నారు పై నుంచి. ఆమె కూడా మిగతా పదిసార్లూ చూడనట్టే కొట్టింది. ఎవరో చెప్పిన అబద్ధానికి తన వేళ్లు అరగదీసింది.

కుర్చీ ముందుకు లాక్కుని పన్నెండో ఉత్తరం మొదలుపెట్టింది. మొదటి పేరా మామూలే. రెండో పేరాలో "కేటాయించబడును" దాకా వచ్చి ఆగి, వెనక్కి చెరిపేసి, ఇలా కొట్టింది.

"వారానికి ఆరు పని దినాలలో నాలుగున్నర, అనగా సోమ, మంగళ, బుధ, గురువారాలు పూర్తిగాను, శుక్రవారం మధ్యాహ్నం వరకు, నేను ఈ డాక్టరును వార్డు డ్యూటీకి పిలవను. ఇది రేపు ఒకటో తేదీ నుంచి, అవార్డు వచ్చినా రాకపోయినా, అమలవుతుంది. ఆ రోజులలో ఈమె స్థానంలో వార్డుకు మనిషి లేనిచో నేనే స్వయంగా వెళ్లి చూసుకుంటాను."

కర్త వచ్చి కూర్చున్నాడు వాక్యంలో. పేజీ రెండు పంక్తులు పెరిగింది. స్కేలు పెట్టి చూస్తే అంచు దాటింది. "అత్యుత్తమురాలు" ఉన్న వాక్యం, దాని కిందిదీ తీసేసింది. పొగడ్త పోయిన చోట పని సరిపోయింది.

నలభై రెండు మెట్లెక్కి పెద్ద డాక్టరు గదికి వెళ్లింది. అక్కడ నేల మీద తివాచీ, గోడ నిండా జ్ఞాపికలు. వచ్చే వారం ఆయనకు ఉత్తమ మార్గదర్శి బహుమతి ఇస్తున్నారు. ఆయన నిజంగానే మార్గదర్శి. ఎవరొచ్చినా వార్డుకు మార్గం చూపిస్తాడు. ఫోనులో ఎవరికో ఆ సభలో చేయబోయే ప్రసంగం వినిపిస్తున్నాడు. "యువతకు మనం ఇవ్వాల్సింది సమయమండీ, సమయం."

స్కేలమ్మ ఉత్తరం ముందు పెట్టింది. అప్పుడే పేపర్‌వెయిట్ కింద తన రెన్యూవల్ కాగితం కనిపించింది. జానెడు దూరంలో ఉంది. ఇదీ చూడండి అంటే చాలు. కానీ అలా అంటే ఆయన ఫోను దించి, తల వంచి, బల్ల మీదేముందో చూస్తాడు. చూస్తే చదువుతాడేమో. ఆమె తన కాగితం మీదనుంచి చూపు తిప్పుకుంది. ఉత్తరం మీద వేలు పెట్టి, మామూలు గొంతుతోనే అంది.

"రెండో పేరా కొత్తగా రాశానండీ. ఒకసారి చదివి పెట్టండి."

ఆయన ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు కొట్టాక చదివేదేముందమ్మా. ఎప్పుడన్నా తప్పు కొట్టావా?" అని లావుపాటి పెన్నుతో సంతకం గీకి, మళ్లీ సమయం గురించి చెప్పడంలో పడ్డాడు.

రెండు గంటల నలభై నిమిషాలకు దరఖాస్తు వెళ్లిపోయింది. అందినట్టు జవాబు కూడా వచ్చింది. నకలు తీసుకెళ్లి డ్యూటీ చార్టు గుమాస్తాకిచ్చింది. సంతకం ఉంటే సూర్యుడికి కూడా నైట్ డ్యూటీ వేసే మనిషి అతను. ఉత్తరం రెండుసార్లు చదివాడు. రేపటి గురువారం వార్డు గడిలో చిన్న డాక్టరమ్మ పేరు ఎర్రసిరాతో కొట్టేశాడు. ఆ పక్కన, స్పెల్లింగు ఉత్తరంలో చూసి మరీ, పెద్ద డాక్టరు పేరు రాశాడు. చార్టు తీసుకెళ్లి వరండాలో బోర్డుకు గుచ్చాడు.

నాలుగున్నరకు మెట్ల మీద ఆమె ఎరగని అడుగులు దిగాయి. పెద్ద డాక్టరు ఎప్పుడూ లిఫ్టు మనిషి. తలుపులోంచి విసురుగా లోపలికొచ్చి, ఏటవాలు కప్పుకు నుదురు కొట్టుకుని, చేత్తో తడుముకుంటూ నిలబడ్డాడు. ఇరవై మూడేళ్లలో ఆ గదికి రావడం అదే మొదలు. అక్కడ కప్పు అంత కిందికుంటుందని ఆయనకెవరు చెబుతారు.

ఆ దరఖాస్తు వెనక్కి తీసుకోమన్నాడు. వెళ్లిపోయిందని చెప్పింది. మరో ఉత్తరం పంపమన్నాడు.

"పంపొచ్చండీ. మొదటి ఉత్తరంలో నేను సంతకం పెట్టింది అబద్ధం అని రాయాలి. అది కూడా నన్నే కొట్టిపెట్టమంటారా?"

ఆయన నుదుటి మీద సున్నం మచ్చ.

"పదకొండు కొట్టానండీ" అంది ఆమె. గొంతు పెరగలేదు. "అంచులన్నీ అర అంగుళం సరిగ్గా ఉండేలా చూసుకున్నా. లోపలిదంతా అబద్ధం. మీరు సంతకం పెట్టి మర్చిపోయారు. ఆ పిల్లలు నమ్మారు. పొడుగు డాక్టరుకు పట్టుదల లేదన్నారు మీరు. ఆయనకు లేనిది పట్టుదల కాదండీ, మంగళవారం."

"చదవమని చెప్పాల్సింది."

"చెప్పానండీ."

అది ఆయనకూ గుర్తొచ్చినట్టుంది. కాసేపు బల్ల మీది నోటుపుస్తకాల వంక చూశాడు. తర్వాత నెమ్మదిగా, "నీ రెన్యూవల్ కాగితం ఇంకా నా టేబుల్ మీదే ఉంది, తెలుసుగా" అన్నాడు.

"తెలుసండీ. అదీ నేనే కొట్టాను."

ఈసారి వంగి జాగ్రత్తగా బయటికెళ్లాడు.

ఐదుకు పది నిమిషాలుండగా అటెండరు ఒక కాగితం తెచ్చి, ఆమె ముఖంలోకి చూడకుండా బల్ల చివర పెట్టిపోయాడు. రేపటి నుంచి రానక్కర్లేదని రెండు వాక్యాలు. పెద్ద డాక్టరు సొంతంగా కొట్టినట్టున్నాడు, "సేవలు"కు బదులు "సేవాలు" పడింది. ఇరవై మూడేళ్ల అలవాటు ఊరుకోదు కదా, స్కేలు ఆనించి చూసింది. ఎడమ అంచు పావు అంగుళమే. కమిటీ అయితే తిప్పి పంపేది.

ఆమె ఏడవలేదు. చెల్లెలికి ఏం చెప్పాలా అని కాసేపు ఆలోచించి, ఉన్నదే చెబుదామనుకుంది. కంప్యూటరు ఆపింది. కుర్చీ మీది దిండు, టిఫిన్ డబ్బా, గొడుగు సంచిలో పెట్టుకుంది. జడముడిలో పెన్సిలు తీసి చూసి మళ్లీ అక్కడే గుచ్చుకుంది. బల్ల మీది సున్నం పొడి అరచేత్తో ఒత్తి తుడిచి, ఆరు నోటుపుస్తకాలూ వరుసగా పేర్చి, వాటి మీద ఉత్తరం నకలొకటి పెట్టింది. తలుపు దగ్గరకెళ్లి, నిలబడగలిగిన చోట ఒక్క క్షణం నిటారుగా నిలబడి, లైటు ఆర్పకుండా వెళ్లిపోయింది. గేటు దగ్గర కాపలావాడు రేపు త్వరగా వస్తారా అమ్మా అని అడిగితే, చూద్దాంలే బాబూ అంది.

ఐదుంపావుకు చిన్న డాక్టరమ్మ వార్డు దిగి వచ్చింది. వరండాలో చార్టు ముందు ఆగింది. తన పేరు కొట్టేసి ఉంది. పక్కనున్న పేరు చదివింది, వెనక్కొచ్చి మళ్లీ చదివింది. తర్వాత పరుగెత్తింది.

"పిన్నీ, రేపు నాకు..." అంటూ తలుపు తోసింది.

కుర్చీ మీద దిండు లేదు. మేకుకు గొడుగు లేదు. బల్ల చివర "సేవాలు" కాగితం తెరిచే ఉంది. ఆమె దాన్ని చదివింది, నోటుపుస్తకాల మీది ఉత్తరమూ చదివింది. ఉత్తరంలో రెండో పేరా కింద, గీత గీసినట్టు తిన్నగా, స్టీలు స్కేలు పెట్టి ఉంది. తీసి చూసింది. మొదటి అర అంగుళం మీద గీతలూ అంకెలూ అరిగిపోయి వేలి కింద నున్నగా జారుతున్నాయి. మిగతా పదకొండున్నర అంగుళాలూ ఇరవై మూడేళ్లుగా ఎవరూ కొలవని కొత్త మెరుపుతో అలాగే ఉన్నాయి.